పంపు షెడ్డులో సబ్మిట్ బటన్

మోటారు మూలుగు వింటే చాలు, దాని జబ్బేమిటో నూకరత్నం చెప్పేస్తుంది. కాకినాడ జగన్నాథపురం వంతెన దిగగానే ఎడంపక్కన ఉన్న వైండింగ్ షాపులో పదకొండేళ్ళు కూర్చుని రాగితీగ చుట్టిన మనిషి. కళ్ళకు గంతలు కట్టి కూర్చోబెట్టినా ఆవిడ వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతాయి. ఆవిడకు లేనిదల్లా ఒక్కటే. ఈ పని ఈవిడకు వచ్చు అని చెప్పే కాగితం.

షాపు యజమానికి మోకాళ్ళు అరిగిపోయాయి. నెలాఖరుకి షట్టరు దించేస్తున్నానని ముందే చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే ఊరి నీళ్ళ సరఫరా ఆఫీసులో పంపు మెకానిక్కు పోస్టు పడింది. నూకరత్నానికి ప్రాణం లేచొచ్చింది. తీరా ప్రకటన చదివితే అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. "సాంకేతిక సోపానం" వెబ్‌సైటులో మోటారు మరమ్మతు కోర్సు పూర్తిచేసి ఆ సర్టిఫికెట్టు జతపరచాలట. ఆఖరు గడువు ముప్పయ్యో తారీఖు, శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు.

ఆ వెబ్‌సైటు కోసం మూడు రోజులు ఫోను అరగదీసింది. "త్వరలో మీ ముందుకు" అన్న మాట తప్ప ఇంకేమీ కనిపించలేదు. సైటు మన ముందుకు రాకపోతే మనమే సైటు ముందుకు వెళ్దామనుకుని, సోమవారం పొద్దున్నే దాన్ని నడిపే సాంకేతిక అభ్యసన మండలి ఆఫీసుకు వెళ్ళింది పాపం. మూడంతస్తుల మేడ, మెట్ల పక్కన సున్నం పెచ్చులు, వెనకాల చిన్న పంపు షెడ్డు.

మండలి డైరెక్టరు చయనులు గారు ఆవిడను చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆ ఆఫీసులో పనిమీద వచ్చిన మనిషిని చూసి డైరెక్టరు లేవడం అదే మొదలు.

"మీరు సామాన్యులేనా అమ్మా?" అని అడిగారు.

"ఆయ్, మరింకేంటండి," అంది నూకరత్నం.

"గతంలో ఎప్పుడైనా మా సైటును వినియోగించి ఉన్నారా?"

"అది తెరుచుకుంటేగా అండి."

చయనులు గారు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు. సంగతేమిటంటే, పై ఆఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రజల సొమ్ముతో కట్టిన వెబ్‌సైట్లను ప్రజలు వాడలేకపోతున్నారని ఎవరో ఫిర్యాదు చేశారట. కనుక ఇకమీదట ఏ సైటునైనా ముందు ఒక సామాన్య వినియోగదారును కూర్చోబెట్టి వాడించి, సులువుగా ఉందో లేదో మదింపు చేసి, ఆ తర్వాతే తెరవాలి. సోపానం మదింపు శుక్రవారం సాయంత్రానికి పూర్తికావాలి. నివేదిక అందుకోవడానికి కమిషనరు గారే స్వయంగా వస్తున్నారు. అన్నీ సిద్ధంగా ఉన్నాయి. సామాన్యుడొక్కడే దొరకలేదు.

"మదింపులో మీరు కోర్సు పూర్తిచేస్తే సర్టిఫికెట్టు ఒరిజినల్‌దే ఇస్తామమ్మా. ఆకుపచ్చ సిరా సంతకంతో," అన్నారు చయనులు గారు. ఆ తర్వాత సర్క్యులర్‌లోని నియమాలు చూడకుండా అప్పజెప్పారు. ఆయనకు దాని మీద అంత భక్తి.

"ఒకటి. వినియోగదారు ఎన్నడును తప్పు చేయరు. తప్పంతయు సైటుదే. రెండు. వినియోగదారుకు ఎవ్వరును సాయపడరాదు, తొందరపెట్టరాదు. మూడు. వినియోగదారు మనసున అనుకొన్నదెల్లను పైకి అనవలెను, అన్నది అన్నట్లు నమోదు కావలెను. నాలుగు. వినియోగదారు ఏది ఎక్కడ ఉండునని ఆశించునో, అది అక్కడనే ఉండవలెను."

"ఇంతకీ కంప్యూటరెక్కడుందండి?" అంది నూకరత్నం అటూ ఇటూ చూసి.

అక్కడే ఉంది అసలు కథ. మదింపు చేసిన ప్రతి పేజీ మీదా అధికారి పొట్టి సంతకం ఉండాలని సర్క్యులర్‌లో అయిదో నియమం. కిందటేడు ఇలాంటి నియమమే ఉన్న ఇంకో సైటు విషయంలో చయనులు గారు కంప్యూటరు గాజు మీదే ఆకుపచ్చ సిరాతో సంతకాలు పెట్టారు. మర్నాడు తుడిచే మనిషి తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేసింది. ధ్రువీకరణ చెరిగిపోయినది, కారణము తెలుపుడు అని ఆడిట్ వాళ్ళు రాశారు. ఆ దెబ్బకు ఆయన ఒక నిశ్చయానికొచ్చేశారు. సంతకం కాగితం మీదే నిలుస్తుంది, కనుక సైటునే కాగితం మీదికి దించాలి.

దించారు. పదమూడు వందల పన్నెండు పేజీలు అచ్చువేయించి మూడు అంతస్తుల్లో సర్దారు. హోమ్ పేజీ కింద వరండాలో. కుట్టుపని, అకౌంట్లు, బ్యూటీషియన్ కోర్సులు మొదటి అంతస్తులో. మోటారు మరమ్మతు రెండో అంతస్తులో. కాగితాన్ని నొక్కితే ఏమీ కాదు గనుక, నొక్కితే జరగాల్సినవన్నీ జరిపించడానికి సిబ్బందిని వేశారు. సూపరింటెండెంటు మార్కండేయులు లాగిన్. టైపిస్టు సుగుణకుమారి మధ్యలో అడ్డం వచ్చే ప్రకటన. నాలుగు నెలల్లో రిటైరయ్యే అటెండరు దావీదు, అడిగిన పేజీ తెచ్చి చూపించే ఇంటర్నెట్టు. ఇక సబ్మిట్ బటన్ అంటే ఆషామాషీ పదవి కాదు, గెజిటెడ్ అధికారే ఉండాలి. కాబట్టి మూడో అంతస్తులో బల్ల మీద గంట పెట్టుకుని చయనులు గారే కూర్చున్నారు.

నూకరత్నం నోరు తెరుచుకుని అంతా విన్నది. నవ్వొచ్చింది గానీ, శుక్రవారం గుర్తొచ్చి మింగేసింది. సామాన్యురాలినని ఒక కాగితం మీద, యంత్రాన్ని కానని ఇంకో కాగితం మీద సంతకాలు పెట్టింది.

సోమవారమంతా లాగిన్‌కే సరిపోయింది. పాస్‌వర్డులో ఒక పెద్దక్షరం, ఒక అంకె ఉండాలన్నాడు మార్కండేయులు. ఆవిడ ఆయన చెవిలో "రాగితీగ 22" అని చెప్పింది. తెలుగులో పెద్దక్షరం లేదు గనుక 'రా'ను బెత్తెడు పొడుగున రాశాడు. రాశాక గోప్యత గుర్తొచ్చి, దాన్ని చించేసి రిజిస్టరులో చుక్కలు పెట్టాడు.

మంగళవారం పొద్దున్న ఆవిడ వచ్చి మళ్ళీ చెవిలో "రాగితీగ 22" అని చెప్పింది. మార్కండేయులు రిజిస్టరు తెరిచి, కళ్ళజోడు సవరించుకుని, చాలాసేపు పోల్చి చూశాడు.

"సరిపోవడం లేదమ్మా," అన్నాడు.

"అదేంటండి, నిన్న చెప్పిందే కదండి."

"నిన్న చెప్పింది ఇక్కడ చుక్కలుగా నమోదై ఉంది. ఇవాళ మీరు అక్షరాలు చెబుతున్నారు. చుక్కలకూ అక్షరాలకూ పొంతన లేదు. రికార్డు ప్రకారం నేను నడుచుకోవాలి."

నూకరత్నం నెత్తి కొట్టుకుంది. పాస్‌వర్డు మర్చిపోయినవాళ్ళకు బయట నుంచి ఆరంకెల నంబరు రావాలని నిబంధన. మార్కండేయులు ఆ నంబరు ఒక చీటీ మీద రాసి, కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి, ఆవిడ ఇంటి చిరునామా రాసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపమని దావీదుకిచ్చాడు. ఆ నంబరు పది నిమిషాల్లో చెల్లకుండా పోతుందని కవరు మీద ఎర్ర సిరాతో రాసి ఉంది.

దావీదు కవరును చూశాడు, ఆవిడ మొహం చూశాడు. చెప్పులేసుకుని గేటు దాటి, రోడ్డు మీద ఒక నిమిషం నిలబడి, తిరిగి లోపలికొచ్చి కవరు ఆవిడ చేతిలో పెట్టాడు.

"బయట నుంచే వచ్చిందా?" అన్నాడు మార్కండేయులు అనుమానంగా.

"బయట్నుంచేనండి. దుమ్ము కూడా పట్టింది, చూసుకోండి," అన్నాడు దావీదు.

అలా మంగళవారం పన్నెండింటికి నూకరత్నం సైటులోకి ప్రవేశించింది. అప్పటికి మదింపు నివేదికలో "లాగిన్: మిక్కిలి సులభము" అని రాసేశారు. వినియోగదారు ఎక్కడా వెనుదిరగలేదు కదా మరి.

బుధవారం నుంచి అసలు వాడకం మొదలైంది. ఏ పేజీ అడిగినా దావీదు దాన్ని వెంటనే ఇవ్వడానికి లేదు. చయనులు గారి ఫోన్లో పేజీ తెరుచుకునే ముందు ఒక చక్రం తిరుగుతుంది. అది యథాతథంగా ఉండాలన్నారు. అందుచేత దావీదు కాగితం పట్టుకుని తన చుట్టూ తాను మూడుసార్లు తిరిగి, అప్పుడు ఇవ్వాలి. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. పదో పేజీకి గోడ పట్టుకున్నాడు.

"తిరక్కు బాబాయ్, పడిపోతావ్," అంది నూకరత్నం కంగారుగా.

"వినియోగదారు వ్యాఖ్య," అంటూ రాసుకున్నాడు మార్కండేయులు. "చక్రము తిరుగుట పడిపోవునట్లున్నది."

"ఏం పర్లేదమ్మాయ్. సాయంత్రం ఇంటికెళ్ళాక ఎదురుపక్కకి మూడు చుట్లు తిరిగితే సర్దుకుంటది," అన్నాడు దావీదు. ఆ ఓపిక చూసి నూకరత్నానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పట్నుంచి రెండు పేజీలు కావలసిన చోట ఒకటే అడగడం నేర్చుకుంది.

పేజీలో ఒక వాక్యం చదివేసరికి సుగుణకుమారి బల్ల వెనక నుంచి లేచి కాగితానికి అడ్డంగా నిలబడేది. "ఈ కోర్సు మీ మిత్రులకు చెప్పారా?" అని అడిగేది. ఆవిడను పంపించాలంటే ఆవిడ చేతిలో ఉన్న కొట్టివేత గుర్తు చీటీని ముట్టుకోవాలి. ముట్టుకోబోతే చెయ్యి పక్కకు జరిపేది. అసలు సైట్లలోనూ అంతే కదా, పైగా తన పని తాను శ్రద్ధగా చెయ్యాలి. నాలుగోసారికి నూకరత్నం ఆవిడ మణికట్టు పట్టేసుకుంది. ఇద్దరూ ఫక్కున నవ్వేశారు.

వెనకటి పేజీకి వెళ్ళాలంటే వెనక్కే నడవాలి. తిరిగి నడిస్తే అది ముందుకు వెళ్ళడం అవుతుందని చయనులు గారు తేల్చారు. నూకరత్నం రెండో అంతస్తు నుంచి వరండా దాకా మెట్లన్నీ వెనక్కి దిగింది. దిగుతూ మూడో నియమం ప్రకారం మనసులో అనుకున్నదంతా పైకే అంది. మార్కండేయులు ఎదురుగా ఒక్కో మెట్టూ దిగుతూ రాసుకున్నాడు. "గోడకి చెమ్మ పట్టిందండి. పప్పు నానబెట్టడం మర్చిపోయాను. ఈ సారు చొక్కాకి రెండో గుండీ లేదు. ఇంట్లో ఆడోళ్ళు చూసుకోరా, ఈయన చెప్పుకోడా?"

మార్కండేయులు అదీ రాసుకుని, ఎడంచేత్తో చొక్కా దగ్గరికి పట్టుకున్నాడు.

గురువారం వీడియో పాఠం. వీడియో కూడా మార్కండేయులే. కుర్చీ మీద నిలబడి మోటారు వైండింగ్ చెయ్యడమెలాగో అభినయిస్తూ, మధ్యలో చెయ్యి పైకెత్తి అలాగే బిగుసుకుపోయేవాడు. ఒకసారి రెండు నిమిషాలు, ఒకసారి కాఫీ వచ్చేదాకా. డైరెక్టరు గారి ఫోన్లో వీడియో సరిగ్గా అక్కడే ఆగుతుందట.

"స్లాటు గాడిలో నేరుగా తీగ పెట్టవలెను," అన్నాడు వీడియో.

నూకరత్నం ఉండబట్టలేకపోయింది. "ముందు ఇన్సులేషన్ కాగితం పెట్టాలండి సార్. లేకపోతే షాక్ కొడతది, మనిషి పోతాడు."

వీడియో బిగుసుకుపోయి ఆవిడ వంక చూసింది. "వీడియోతో మాట్లాడకూడదమ్మా," అని మెల్లగా గొణిగింది.

మధ్యాహ్నం పరీక్ష. పది ప్రశ్నలు. తొమ్మిది దాటేసింది. పదోది చదివి ఆగిపోయింది. "మోటారు మూలుగుచున్నది, తిరుగుట లేదు. మీరేమి చేయుదురు?" కింద మూడు జవాబులున్నాయి. సంబంధిత అధికారికి తెలియజేయుదును. అధికారి వచ్చువరకు వేచియుందును. పై రెండును.

"కెపాసిటరు పోయుంటది, మారుస్తాను," అంది పైకే.

"అది ఇచ్చిన జవాబుల్లో లేదు," అన్నాడు మార్కండేయులు.

ఉద్యోగం తలుచుకుని, ఊపిరి బిగబట్టి, "పై రెండును" మీద టిక్కు పెట్టింది. పదికి పది వచ్చాయి. ఇక మిగిలింది సబ్మిట్టే. మెట్లెక్కి మూడో అంతస్తుకు వెళ్తే గది తలుపుకు తాళం, దాని మీద కాగితం. "సబ్మిట్ బటన్ క్యాంపులో ఉన్నారు. రేపు రండి."

శుక్రవారం పదింటికే వచ్చి ఆఖరి పేజీ ముందు కూర్చుంది. సబ్మిట్ బటన్ కమిషనరు గారి కోసం దండలు, మైకు, సమోసాలు చూసుకుంటున్నారు. మూడింటికి అందుబాటులోకి వస్తారన్నారు. అప్పటిదాకా ఆవిడ కుర్చీ దిగకూడదు. పావుగంట కుర్చీ ఖాళీగా ఉంటే సెషన్ ముగిసినట్టు లెక్క, మళ్ళీ చుక్కల దగ్గర్నుంచి మొదలుపెట్టుకోవాలి. మధ్యాహ్నం అన్నం కూడా కుర్చీలోనే తిన్నది.

మూడయింది. బటన్ ఇంకా రాలేదు. మూడుంబావుకు కిటికీలోంచి ఒక మూలుగు వినిపించింది. నూకరత్నం తల ఆటోమేటిగ్గా అటు తిరిగింది. వెనక షెడ్డులో నీళ్ళ మోటారు. మూలుగుతోంది, తిరగడం లేదు.

"సార్, ఆ మోటారు ఆపించండి. ఇంకో పావుగంటలో కాలిపోద్ది," అంది.

మార్కండేయులు రాసుకున్నాడు. దావీదు పరుగెత్తి స్విచ్చి ఆపి వచ్చాడు. కమిషనరు గారు వస్తుంటే కుళాయిల్లో నీళ్ళు లేకపోతే ఎలాగని మైకు పెట్టేవాళ్ళెవరో మళ్ళీ వేశారు. మళ్ళీ మూలుగు. ఆఫీసులో ఎనిమిదిమంది సంబంధిత అధికారికి తెలియజేసి, అధికారి వచ్చువరకు వేచియున్నారు. తీగల మీది వార్నీషు మాడే వాసన సన్నగా రెండో అంతస్తు దాకా వచ్చింది.

నూకరత్నం కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఇది నా మోటారు కాదు, నాకెందుకు అనుకుంది. అనుకున్నది పైకే అంది కూడా. రెండు నిమిషాలు ఓర్చుకుంది. పదకొండేళ్ళుగా చేత్తో బతికించిన యంత్రం చెవి దగ్గర ప్రాణం పోతున్నట్టు మూలుగుతుంటే కుర్చీలో కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. లేచి మెట్లన్నీ దూకుతూ వెళ్ళిపోయింది.

షెడ్డులో స్విచ్చి ఆపి, మోటారు మీద చెయ్యి వేసి చూసింది. కాలింది గానీ చావలేదు. అనుకున్నట్టే కెపాసిటరు ఉబ్బి పగిలిపోయింది. కొత్తది కావాలి. మండలిలో శిక్షణ సామాను ఉన్న బీరువాకు సైటు లెక్కలో "డౌన్‌లోడ్లు" అని పేరు. దావీదు బీరువా తెరిచి, ఏళ్ళ తరబడి అట్టపెట్టెలో నిద్రపోతున్న కెపాసిటరును తెచ్చి ఇచ్చాడు. ఈసారి మాత్రం తిరగలేదు.

చివరి నట్టు బిగిస్తుండగా మార్కండేయులు రిజిస్టరుతో రొప్పుతూ వచ్చాడు.

"మీ సెషన్ ముగిసిందమ్మా. మూడూ ముప్పై ఆరుకి. మళ్ళీ లాగిన్ కావాలి."

నూకరత్నం చేతిలో స్పానరు కిందపడింది. టైము నాలుగు దాటింది. ఐదింటికి గడువు. చుక్కలు, కవర్లు, గేటు, మెట్లు అన్నీ కళ్ళముందు తిరిగాయి. షాపు ఎల్లుండి నుంచి ఉండదు. ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది. బోర్లించిన బకెట్టు మీద కూలబడి, గ్రీజు చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చేసింది.

అదే సమయానికి కమిషనరు గారి కారు వచ్చింది. దారంతా దుమ్ము, ఎండ. ఆయన తిన్నగా మూడో అంతస్తుకు వెళ్ళి, మొహం కడుక్కుందామని సబ్బు బాగా రుద్దుకుని, కళ్ళు మూసుకుని, కుళాయి తిప్పారు. కుళాయి గుర్రుమంది. చుక్క రాలేదు.

చయనులు గారు మెట్లన్నీ ఒక్క ఊపున దిగి షెడ్డుకొచ్చారు. ఆ వయసులో ఆయన పరుగెత్తగలరని ఎవరికీ తెలియదు.

"మోటారు బాగయిందా అమ్మా?"

"అయిందండి. స్విచ్చి నొక్కడమే."

"నొక్కమ్మా, నొక్కు."

నూకరత్నం లేచింది. స్టార్టరు మీద ఆకుపచ్చ బటన్ దాకా వేలు పోనిచ్చింది. అక్కడ ఆగింది. ఆగి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ వచ్చి బకెట్టు మీద నింపాదిగా కూర్చుంది.

"మనసులో అనుకుంటున్నది పైకి అనాలి కదండి?"

"అనాలి," అన్నారు చయనులు గారు, పైనున్న కిటికీ వంక భయంగా చూస్తూ.

"మోటారు కోర్సుకి సబ్మిట్ బటను మోటారు దగ్గరుంటదనుకున్నానండి. ఇదిగో, ఈ ఆకుపచ్చదే అనుకున్నాను. నొక్కగానే సర్టిఫికెట్టు వస్తదనుకున్నాను. చూస్తే అది మూడో అంతస్తులో ఉందంటున్నారు. నేను అనుకున్న చోట లేదంటే, తప్పెవరిదండి?"

మార్కండేయులు గొంతు సవరించుకున్నాడు. "సార్, సెషన్ ముగిసినందున ఈమె ప్రస్తుతం వినియోగదారు కారు."

చయనులు గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో సర్క్యులర్‌ను ఇంత శ్రద్ధగా విన్న మనిషి ఆయనకు తగల్లేదు. కళ్ళు తెరిచేసరికి అవి చెమ్మగిల్లి ఉన్నాయి.

"మార్కండేయులూ, ఈమె సామాన్యురాలని ధ్రువీకరణ పత్రం ఉంది. సెషన్ ముగుస్తుంది గానీ సామాన్యత ముగియదు. రెండోది, ఈమె కుర్చీ వదిలిందంటున్నారు. వినియోగదారు తప్పు చేయరు. అంటే తప్పు కుర్చీది. కుర్చీ షెడ్డులో ఉండవలసింది. తెప్పించండి."

కుర్చీ వచ్చింది. బల్ల వచ్చింది. గంట వచ్చింది. ఆఖరి పేజీ, మొహరు, ఆకుపచ్చ సిరా కలము వచ్చాయి. సబ్మిట్ బటన్ గారు మోటారు పక్కన గొడుగు కింద ఆసీనులయ్యారు. మూడో అంతస్తు కిటికీలోంచి నురగతో కూడిన తలకాయ ఒకటి బయటికొచ్చింది.

"ఏమయ్యా చయనులూ, నీళ్ళెక్కడ? కళ్ళు మండిపోతున్నాయి."

"రెండో నియమం సార్," అన్నారు చయనులు గారు లేచి నిలబడి, వినయంగా. "వినియోగదారును తొందరపెట్టరాదు."

నూకరత్నం కుర్చీలో కూర్చుంది. ఆఖరి పేజీ ఒకసారి పైనుంచి కిందికి చదువుకుంది. దావీదు వైపు చూస్తే ఆయన తల ఊపాడు. ఆకుపచ్చ బటన్ నొక్కింది. మోటారు ఒక్క ఉదుటున తిరిగి, మూలుగు లేకుండా హాయిగా పాడింది. గొట్టంలో నీళ్ళు బరబరా పైకెక్కాయి. పై నుంచి కమిషనరు గారి "హమ్మయ్య" అందరికీ వినిపించింది. కింద చయనులు గారు సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టి, మొహరు కొట్టి, సిరా ఆరేదాకా ఊది, రెండు చేతులా అందించారు. నాలుగూ ముప్పై రెండు.

దావీదు సైకిలు వేసుకుని ఆవిడ వెళ్ళిపోయింది. నీళ్ళ సరఫరా ఆఫీసు గుమాస్తా సర్టిఫికెట్టు మీది గ్రీజు వేలిముద్ర చూసి మొహం చిట్లించాడు గానీ, నాలుగూ యాభైకి రసీదు ఇచ్చేశాడు. వారం తిరక్కుండా ఉద్యోగం వచ్చింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. మదింపు నివేదిక పై ఆఫీసుకు వెళ్ళింది. పూర్తిచేసిన వారి శాతం: నూరు. ఇంత సులువైన సైటు రాష్ట్రంలో ఇంకోటి లేదని మెచ్చుకుంటూ, దీన్ని ఉన్నది ఉన్నట్టుగా, అంటే కాగితాలూ మనుషులతో సహా, వెంటనే ప్రజలకు తెరవమని ఉత్తర్వు వచ్చింది. వినియోగదారు ఆశించిన మేరకు సబ్మిట్ బటన్ పంపు షెడ్డులోనే ఉండాలని అందులో ప్రత్యేకంగా రాశారు.

జనం విరగబడ్డారు. కుట్టుపని వాళ్ళు, అకౌంట్ల వాళ్ళు, బ్యూటీషియన్లు, పరీక్ష రాసిన ప్రతివాళ్ళూ వెనక్కి నడుచుకుంటూ షెడ్డుకొచ్చి ఆకుపచ్చ బటన్ నొక్కడమే. ఎర్ర బటన్ నొక్కమని ఏ నియమంలోనూ లేదు. నాలుగో రోజుకి ట్యాంకు పొంగి మెట్ల మీద ఏరు పారింది. హోమ్ పేజీ తడిసిపోయింది. బ్యూటీషియన్ పేజీలు అకౌంట్ల పేజీలకు అతుక్కుపోయాయి. డాబా మీద దండేలు కట్టి సైటు మొత్తాన్ని ఆరేసి, గేటుకు బోర్డు పెట్టారు. "నిర్వహణ పనుల నిమిత్తం సైటు అందుబాటులో లేదు."

నీళ్ళు రోడ్డెక్కాయని ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తే, నీళ్ళ సరఫరా ఆఫీసు నుంచి కొత్త మెకానిక్కు వచ్చింది. ఖాకీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో పనిముట్ల సంచి. వరండాలో మార్కండేయులు చీలమండల దాకా నీళ్ళలో నిలబడి, రిజిస్టరును నెత్తిన పెట్టుకుని ఉన్నాడు. చొక్కాకి రెండో గుండీ కొత్తగా మెరుస్తోంది.

"యూజర్ నేమ్?" అన్నాడు.

"మోటారు ఆపడానికొచ్చానండి," అంది నూకరత్నం.

"షెడ్డు సైటులో భాగం. లాగిన్ లేకుండా పంపలేనమ్మా. పాస్‌వర్డు?"

"రాగితీగ 22."

ఆయన రిజిస్టరు దించి చూశాడు. చుక్కలు నీళ్ళకు చెదిరిపోయి పేజీ అంతా నీలంగా ఉంది. తల అడ్డంగా ఊపి, కవరు కోసం దావీదును కేకేశాడు. దావీదు అప్పటికే చెప్పులు చేత్తో పట్టుకుని గేటువైపు నీళ్ళలో బయల్దేరాడు.

నూకరత్నం సంచి కింద పెట్టబోయి, పెట్టే చోటు లేక భుజానికి తగిలించుకుంది. "మూడో నియమం ఇంకా ఉందాండి? మనసులో అనుకున్నది పైకి అనాలా?"

"తప్పదమ్మా," అని మార్కండేయులు కలము తీశాడు.

అప్పుడు ఆవిడ మొదలుపెట్టి, మండలి గురించి, చుక్కల గురించి, అరవయ్యేళ్ళ మనిషిని గిరగిర తిప్పిన చక్రం గురించి, పనొచ్చినవాళ్ళను పదేసి వాకిళ్ళ చుట్టూ తిప్పి పని రానివాళ్ళు సంతకాలు పెట్టే పద్ధతి గురించి, తాను అనుకున్నదంతా పైకే అంది. మార్కండేయులు అన్నది అన్నట్టు రాశాడు. రాస్తూ రాస్తూ రెండు చోట్ల "నిజమే" అని కూడా రాశాడు.

మోటారు ఆ సాయంత్రం ఆగింది. ఆ పేజీ మాత్రం ఫైల్లోకి చేరలేదు. దావీదు దాన్ని డాబా మీద అన్నిటికంటే ముందు ఆరబెట్టి, నాలుగు మడతలు పెట్టి, జేబులో దాచుకున్నాడు. రిటైరయ్యే రోజున తనను రెండు మాటలు మాట్లాడమంటారు కదా, ఆ రోజు మైకులో చదువుతాడట. డైరెక్టరు గారు ఇప్పట్నుంచే ఆ మైకుకు సౌండు తగ్గించే ఏర్పాటు చూస్తున్నారు.